కణం ఎవరి మాట వింటుంది?

హైస్కూలు జీవశాస్త్రం పుస్తకాల్లో ఒక బొమ్మ తరచుగా కనిపిస్తుంది. తోక ఉన్న కప్పపిల్ల లాంటిది ఒకటి, దాని పొట్టకి అతుక్కుని ఎదురుబొదురుగా ఇంకొకటి. కింద రెండు పేర్లు: స్పేమన్, మాంగోల్డ్. మా అమ్మాయి పరీక్షకి చదువుకుంటూ, "నాన్నా, స్పేమన్‌కి నోబెల్ బహుమతి వచ్చిందని రాశారు. మరి మాంగోల్డ్‌కి ఏమైంది?" అని అడిగింది. ఇంటర్లో ఎం.పి.సి. తీసుకున్న రోజే కప్పలతో నా సంబంధం తెగిపోయింది. ఆపైన ఇంజనీరింగు, తర్వాత ఇరవై ఏళ్ళ పైచిలుకు ప్రోగ్రాములు రాయడం. అయినా ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే ఒక పట్టాన వదల్లేకపోయాను. చదివినదాంట్లో నా మనసుకి పట్టినది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

అసలు చిక్కు ఏమిటో ముందు చెబుతాను. మనమందరం ఒకే ఒక్క కణంగా మొదలయ్యాం. అది రెండయి, నాలుగయి, ఎనిమిదయి, చివరికి లక్షల కోట్ల కణాలయింది. వాటిలో కొన్ని ఎముకయ్యాయి, కొన్ని కంటిపాపయ్యాయి, కొన్ని గుండె అయి అప్పట్నించీ కొట్టుకుంటూనే ఉన్నాయి. దాదాపు అన్నిటిలోనూ ఉన్న జన్యువులు అవే. నా వృత్తి భాషలో చెప్పాలంటే, అన్ని మెషీన్లలోనూ ఒకటే ప్రోగ్రాము ఎక్కించి ఉంది. ఏ మెషీను ఏ భాగాన్ని నడపాలో చెప్పే సర్వరు మాత్రం ఎక్కడా లేదు. మరి నువ్వు ఎముకవి, నువ్వు నరానివి అని ఎవరు చెబుతున్నారు?

పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో దీనికొక జవాబు బాగా చలామణీ అయింది. ఫ్రైబుర్గ్‌లో ఆచార్యుడు ఆగస్ట్ వైస్మన్ చెప్పిన ఆ జవాబు మనకి సులభంగా బోధపడుతుంది, ఎందుకంటే అది ఆస్తి పంపకం. గుడ్డులో మొత్తం ఆస్తి ఉంటుంది. కణం విడిపోయినప్పుడల్లా వాటాలు పడతాయి. పంచుకుంటూ పోగా చివరికి కండ వాటా వచ్చినది కండ అవుతుంది, చర్మం వాటా వచ్చినది చర్మం అవుతుంది. పుట్టుకే అంతా నిర్ణయిస్తుందన్నమాట.

దీన్ని పరీక్షించినవాడు విల్‌హెల్మ్ రూ. 1888లో ఆయన కప్ప పిండం రెండు కణాల దశలో ఉన్నప్పుడు, కాల్చిన సూదితో ఒక కణాన్ని పొడిచి చంపాడు. మిగిలిన కణం పెరిగి సగం పిండమే అయింది. వాటా సిద్ధాంతం నెగ్గినట్టే కనిపించింది.

మూడేళ్ళు తిరక్కుండా, 1891లో, హాన్స్ డ్రీష్ అనే కలవారి అబ్బాయి ట్రియెస్టె సముద్రతీరంలో ఇదే ప్రశ్నని ఇంకో జీవి మీద అడిగాడు. ముళ్ళబంతిలా ఉండే సీ అర్చిన్ అనే సముద్రప్రాణి పిండాలు రెండు కణాల దశలో ఉండగా, వాటిని చిన్న గాజుగొట్టంలో సముద్రపు నీటితో పాటు వేసి బాగా కుదిపాడు. కొన్నిట్లో రెండు కణాలూ విడిపోయాయి. విడిపోయిన వాటి నుంచి మర్నాటికి సగం సగం పిల్లలు వస్తాయనుకున్నాడు. వచ్చినవి సైజు చిన్నవే గాని, నిండు పిల్లలు.

ఇది చదువుతుంటే నాకు గాంధారి గుర్తొచ్చింది. వ్యాసుడు ఆ మాంసపు ముద్దని నూటొక్క ముక్కలు చేసి నేతికుండల్లో పెడితే, ఒక కుండలోంచి చెయ్యి, ఇంకో కుండలోంచి ముక్కు రాలేదు. ప్రతి కుండలోంచీ ఒక పూర్తి మనిషి వచ్చాడు. మనవాళ్ళకి అప్పుడే అంతా తెలుసని అనడం నా ఉద్దేశం కాదు, అలాంటి మాటలు మన సభల్లో కావలసినన్ని విన్నాం. ఆ కథ అల్లినవాళ్ళకి ముక్కలో మొత్తం ఉండగలదనే ఊహ వింతగా తోచలేదు, అంతవరకే. డ్రీష్‌కి మాత్రం చాలా వింతగా తోచింది. ఏ యంత్రాన్నయినా సగానికి కోస్తే రెండు చిన్న యంత్రాలు వస్తాయా? రావు. కాబట్టి ప్రాణి యంత్రం కాదు, లోపల ఏదో జీవశక్తి ఉందని తేల్చుకుని, కొన్నేళ్ళకి ప్రయోగాలు మానేసి తత్త్వశాస్త్రం ప్రొఫెసరయ్యాడు. ఇంజనీరుగా నాకు ఆయన మీద జాలి ఉంది. ప్రతి ముక్కలోనూ పూర్తి ప్రోగ్రాము నకలు ఉండొచ్చనే ఆలోచన 1891లో ఎవరికి వస్తుంది?

మరి రూ చూసిన సగం పిండం మాటేమిటి? ఈ తగువు 1910లో గాని కప్ప విషయంలో తీరలేదు. జె.ఎఫ్. మెక్‌లెండన్ అనే అమెరికన్, రెండు కణాల్లో ఒకదాన్ని చంపి అక్కడే వదిలేయకుండా పీల్చి తీసేశాడు. మిగిలిన కణం పూర్తి పిండమయింది. అంటే రూ ప్రయోగంలో బతికిన కణానికి, పక్కనే అంటుకుని ఉన్న శవం ఇంకా ఉన్నట్టే లెక్క. తన సగం పని తాను చేసింది, రెండో సగం పక్కవాడు చేస్తాడని వదిలేసింది. చచ్చిన పొరుగు కూడా పొరుగే. ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇక స్పేమన్ దగ్గరికి వద్దాం. హాన్స్ స్పేమన్ 1896-97 చలికాలంలో క్షయతో మంచాన పడి, విశ్రాంతి తీసుకుంటూ వైస్మన్ పుస్తకం చదివాడట. లేచాక చేసిన ప్రయోగాలు చూస్తే పరికరాలకీ పరిశోధనకీ సంబంధమే లేదనిపిస్తుంది. న్యూట్ అని చెరువుల్లో ఉండే తోకకప్ప. దాని గుడ్డు మన ఆవగింజంత. ఆ గుడ్డుకి పసిబిడ్డ తలవెంట్రుకని ఉచ్చులా వేసి మెల్లగా బిగించాడు. ఒక దిశలో బిగిస్తే రెండు పిల్లలొచ్చాయి. ఇంకో దిశలో బిగిస్తే ఒక పక్క పిల్ల, రెండో పక్క ఏ ఆకారమూ లేని పొట్ట ముద్ద వచ్చాయి. గుడ్డులో అన్ని వైపులూ సమానం కాదు, ఒక వైపు ఏదో ఉందన్నమాట.

తర్వాత పిండాల మధ్య ముక్కలు మార్చి అతికించడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పిండం మొదట చిన్న బంతిలా ఉంటుంది. ఒక దశలో దాని మీద ఒకచోట సన్నని చీలిక పడి, బయటి కణాలు ఆ చీలిక అంచు మీదుగా లోపలికి మడత పడుతూ దొర్లిపోతాయి. ఈ దశని గాస్ట్రులేషన్ అంటారు. అది మొదలయ్యే సమయంలో, చర్మం కావలసిన ముక్కని మెదడు రావలసిన చోట అతికిస్తే అది మెదడయింది. పొరుగువాళ్ళని చూసి నడుచుకుంది. అదే దశ ముగిశాక మారిస్తే, ఎక్కడ పెట్టినా చర్మం చర్మమే అయింది. అంటే నిర్ణయం ఆ కొద్ది గంటల్లోనే జరుగుతోంది. ఒక్క ముక్క మాత్రం మొదట్నించీ ఎవరి మాటా వినలేదు. అది ఆ చీలిక పైపెదవి.

ఇక్కడ హిల్డె ప్రవేశిస్తుంది. హిల్డె ప్రోషోల్ట్ 1898లో జర్మనీలోని గోథాలో పుట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేమన్ ఉపన్యాసం విని, ఆయన దగ్గర చదవాలని 1920లో ఫ్రైబుర్గ్ వచ్చింది. స్పేమన్ ఆవిడకి మొదట ఇచ్చిన పని హైడ్రా అనే నీటిజీవిని చొక్కాని తిరగేసినట్టు తిరగేయడం. రెండు శతాబ్దాల కిందటి ప్రయోగం. ఆవిడకి ఎంతకీ కుదరలేదు. అప్పుడు పని మార్చి ఆ పైపెదవి సంగతి చూడమన్నాడు.

ప్రయోగంలోని తెలివి రంగుల్లో ఉంది. ఒక జాతి న్యూట్ పిండాలు తెల్లగా ఉంటాయి, ఇంకో జాతివి రంగు తేలి ఉంటాయి. తెల్ల పిండం నుంచి పైపెదవి ముక్కని కోసి, రంగు పిండానికి పొట్ట వైపు అతికిస్తే, తర్వాత ఏ కణం ఎవరిదో కంటికే తెలిసిపోతుంది. చెప్పడానికి రెండు వాక్యాలే. చెయ్యాలంటే న్యూట్‌లు గుడ్లు పెట్టేది వసంతకాలంలోనే. ఆవగింజంత పిండం మీద ఆపరేషను చెయ్యడానికి గాజు సూదులు, వెంట్రుక ఉచ్చులు. యాంటీబయాటిక్స్ అనేవి ఇంకా పుట్టలేదు, కాబట్టి ఆపరేషన్ చేసిన పిండాల్లో చాలా భాగం సూక్ష్మజీవులు పట్టి చచ్చిపోయేవి. 1921, 1922 వసంతకాలాల్లో ఇదే పని. చివరికి వ్యాసంలో వివరంగా రాసిన పిండాలు ఆరే.

ఆ ఆరూ చాలు. పొట్ట చర్మం కావలసిన చోట రెండో పిండం లేచింది. దానికి వెన్ను, నాడీనాళం, కండరాల దిమ్మలు ఉన్నాయి. అవి ఎవరి కణాలతో తయారయ్యాయో చూస్తే, తెల్లకణాలు ముఖ్యంగా వెన్నుకడ్డీ దగ్గరే ఉన్నాయి. నాడీనాళం దాదాపు అంతా రంగు కణాలే. అంటే కొత్తగా వచ్చిన ముక్క తానే రెండో పిల్లగా పెరగలేదు. పొట్ట చర్మం కాబోతున్న స్థానిక కణాలని కూడగట్టి, వాటిచేత మెదడు, వెన్నుపాము కట్టించింది. స్పేమన్ ఆ ముక్కకి 'ఆర్గనైజర్' అని పేరు పెట్టాడు. మన భాషలో సూత్రధారి అనొచ్చు.

ఈ పని మీదే హిల్డెకి డాక్టరేటు వచ్చింది. ఈలోగా స్పేమన్ శిష్యుడే అయిన ఓటో మాంగోల్డ్‌ని పెళ్ళి చేసుకుంది, ఒక కొడుకు పుట్టాడు. వ్యాసం 1924లో అచ్చయింది. స్పేమన్ శిష్యులు చాలామంది తమ సిద్ధాంత వ్యాసాలు తమ పేరు మీదే వేసుకున్నారు. ఈ ఒక్కదానికి ఆయన తన పేరు కూడా ఉండాలన్నాడు, అదీ ముందు. ఆవిడకి అది నచ్చలేదని ఆమె సహాధ్యాయి విక్టర్ హాంబర్గర్ తర్వాతి కాలంలో రాశాడు. అదే ఏడాది సెప్టెంబరు 4న ఇంట్లో స్టవ్ అంటుకుని కాలిన గాయాలతో హిల్డె చనిపోయింది. ఇరవయ్యారో పుట్టినరోజు ఇంకా రాలేదు. కిరసనాయిలు స్టవ్‌ల మధ్య పెరిగిన మన తరానికి ఇలాంటి చావు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1935లో నోబెల్ బహుమతి స్పేమన్ ఒక్కడికే వచ్చింది, చనిపోయినవాళ్ళకి ఇవ్వరు.

ఆలోచన చాలావరకు స్పేమన్‌దే, అందులో నాకు అనుమానం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన వేసుకుంటూ వచ్చిన మెట్లకి అది చివరి మెట్టు. కానీ ఆ చెయ్యి, ఆ ఓపిక, రెండు వసంతాలు హిల్డెవి. ఇప్పుడు పుస్తకాల్లో 'స్పేమన్-మాంగోల్డ్ ఆర్గనైజర్' అని రెండు పేర్లూ కలిపి రాస్తున్నారు. ఆలస్యమైనా న్యాయమే.

సరే, సూత్రధారి దొరికాడు. ఆయన పిండం చెవిలో ఏం చెబుతున్నాడు? దీనికి జవాబు దొరకడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది. 1932లో ఆర్గనైజర్‌ని చంపి అతికించినా పని చేస్తుందని తేలింది. అయితే ఏదో రసాయనమే అని అందరూ దాని వెంటపడ్డారు. తీరా చూస్తే ఏది పెట్టినా పని చేసేలాగే ఉంది. 1936లో కేంబ్రిడ్జిలో మెథిలీన్ బ్లూ అనే రంగుమందు పెట్టినా నాడీకణాలు వచ్చాయి! ఏ తాళంచెవి పెట్టినా తలుపు తెరుచుకుంటుంటే అసలు తాళంచెవి ఏదని ఎలా తేలుస్తారు? చాలామంది విసిగిపోయి రంగం వదిలేశారు.

ఇంకోపక్క మనుషులే చెల్లాచెదరయ్యారు. హాంబర్గర్ 1932లో ఫెలోషిప్ మీద షికాగో వచ్చాడు. మరుసటేడు హిట్లర్ ప్రభుత్వం యూదుడని ఫ్రైబుర్గ్‌లో ఉద్యోగం తీసేయడంతో ఇక్కడే ఉండిపోయి, సెయింట్ లూయిస్‌లో స్థిరపడ్డాడు. కొన్నాళ్ళుండి వెళ్ళిపోదామని వచ్చి ఉండిపోవడం మనకీ తెలిసిన కథే గాని, మన వెనక తలుపు ఎవరూ మూయలేదు. ఇంకో శిష్యుడు యోహన్నెస్ హోల్ట్‌ఫ్రెటర్ ఇంగ్లండ్ చేరితే, యుద్ధం రాగానే జర్మనీవాడని పట్టుకుని కెనడాలో నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో తేలాడు.

తాళంచెవి 1990లలో దొరికింది. 1992లో బర్క్లీలో విలియం స్మిత్, రిచర్డ్ హార్లండ్ ఆర్గనైజర్‌లో 'నాగిన్' అనే ప్రోటీన్‌ని పట్టుకున్నారు. ఈ నాగిన్‌కి మన పాముతో సంబంధం లేదు, ఎక్కువైతే పిండానికి తల మరీ పెద్దదవుతుందని పెట్టిన పేరు. 1994లో లాస్ ఏంజెలెస్‌లో డి రాబర్టిస్ బృందం 'కార్డిన్' అనేదాన్ని పట్టుకుంది. 1996కల్లా అవి చేసే పని తెలిసింది. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఆర్గనైజర్ "నువ్వు నాడివి కా" అని చెబుతోందని అందరూ అనుకున్నారు. అది అలాంటిదేమీ చెప్పడం లేదు. పిండంలో చుట్టుపక్కల కణాలన్నీ బి.ఎం.పి. అనే ప్రోటీన్‌ని వదులుతూ, "చర్మం అవు, చర్మం అవు" అని ఊదరగొడుతుంటాయి. నాగిన్, కార్డిన్ పోయి ఆ బి.ఎం.పి.ని దారిలోనే పట్టుకుని, కణం దాకా చేరకుండా ఆపుతాయి. ఆ పోరు వినపడని కణం తనంతట తాను నాడీకణం అవుతుంది. అందుకే ఏ తాళంచెవి పెట్టినా తలుపు తెరుచుకుంది: న్యూట్ కణాలు ఆ వైపు వాలి సిద్ధంగా ఉన్నాయి, కొంచెం కుదిపితే చాలు. కథ ఇంత సాఫీ కాదని కోడి పిండాల మీద పనిచేసేవాళ్ళు అంటారు. అక్కడ వేరే సంకేతాలూ కావాలి. అయినా అసలు విషయం నిలబడింది.

నాడీనాళం పేరెత్తాక మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఆధ్వర్యంలో, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీలో 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గర్భం దాల్చిన నాలుగో వారంలో ఆ నాళం సరిగ్గా మూసుకోకపోతే బిడ్డకి వెన్నులో లోపం వస్తుంది. అంతకుముందు అలాంటి గర్భం దాల్చిన తల్లులకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రయోగంలో తేలింది. 1998 నుంచి అమెరికాలో పిండిలో కలిపి తీరాలన్నారు. ఇది కణం ఏమవ్వాలనే నిర్ణయానికి కాక, నిర్ణయం అయ్యాక జరిగే కట్టడానికి సంబంధించినది. అయినా మనం కొనే బ్రెడ్డులో ఆయన పని ఉందని చెప్పకుండా ఎలా వదిలేస్తాను?

ఇంతకీ పుట్టుకా, పొరుగా? సిడ్నీ బ్రెనర్ అనే ఆయన దీని మీద ఒక ఛలోక్తి విసిరేవాడు. లిథువేనియా, లాట్వియాల నుంచి వలస వెళ్ళిన దంపతులకి దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండ్‌లో పనిచేసినవాడు, కాబట్టి అనే హక్కు ఉంది. కణాలకి రెండు పద్ధతులట. యూరప్ పద్ధతిలో నీ తాతముత్తాతలెవరన్నదే లెక్క, పక్కవాడితో పనిలేదు. అమెరికా పద్ధతిలో నీ వంశం ఎవరికీ తెలియదు, ఏ వీధిలో ఉన్నావు, పక్కిళ్ళలో ఎవరున్నారన్నదే లెక్క. మన విందుల్లో పిల్లల గురించి రాత్రి పదకొండింటికి మొదలయ్యే చర్చ ఇదే కదా! కణం మనిషి కాదు, ఈ పోలికని మరీ లాగకూడదు. కానీ విన్నాక మర్చిపోవడమూ కష్టమే.

బ్రెనర్ ఎంచుకున్న జీవి ఒక మిల్లీమీటరు పొడవుండే పారదర్శకమైన పురుగు, సీ. ఎలిగన్స్. ఆయన సహచరుడు జాన్ సల్స్టన్ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, విడిపోయే ఒక్కొక్క కణాన్నీ కంటితో చూస్తూ కాగితం మీద గీస్తూ, ఆ పురుగు పిండంలోని కణాలకి వంశవృక్షం రాశాడు. ఆ పని 1983లో అచ్చయింది. పురుగు మొత్తం లెక్క కడితే, బీజకణాలు కాక పుట్టేవి 1090, వాటిలో 131 చావడానికే పుడతాయి, మిగిలేవి 959. ఏ పురుగులో చూసినా దాదాపు ఇదే లెక్క, అవే కణాలు, అదే వేళకి. అచ్చమైన యూరప్ పద్ధతి. బ్రెనర్‌కీ, సల్స్టన్‌కీ, వాళ్ళతో పనిచేసిన రాబర్ట్ హార్విట్జ్‌కీ 2002లో నోబెల్ వచ్చింది.

కానీ ఆ వంశవృక్షంలోనే ఒకచోట ఒక చిలిపితనం ఉంది. పురుగు గర్భాశయం తయారయ్యేచోట రెండు కణాలు పక్కపక్కన ఉంటాయి. వాటిలో ఒకటి లంగరు కణం అవ్వాలి, రెండోది గర్భాశయం గోడలోకి పోవాలి. ఏది ఏదవుతుందో ముందుగా చెప్పలేం. దాదాపు సగం పురుగుల్లో ఇది, సగంలో అది. లేజరుతో ఏ ఒక్కదాన్ని చంపినా మిగిలినది లంగరే అవుతుంది. రెండూ ఒకదానికొకటి "నేనే లంగరు, నువ్వు తప్పుకో" అని సంకేతం పంపుకుంటూ ఉంటాయి. మొదట్లో రెండూ సరిసమానం. ఎక్కడో కాకతాళీయంగా ఒకదాని గొంతు ఒక పిసరు పెరుగుతుంది. అది విన్న రెండోది తన గొంతు తగ్గించుకుంటుంది. అది తగ్గేకొద్దీ మొదటిది ఇంకా పెంచుతుంది. కాసేపటికి తిరుగులేని తేడా. ప్రోగ్రాముల్లో ఇలాంటి పోటీ వస్తే మేం రాత్రుళ్ళు కూర్చుని దాన్ని వెతికి తీసేస్తాం. ఈ పురుగు దాన్నే పనిముట్టుగా వాడుకుంటోంది. ఇక్కడ పుట్టుక ఆ రెంటినీ పోటీలోకి తెచ్చింది, పొరుగు తేడాని పెంచింది. మొదటి తోపు మాత్రం చాలావరకు యాదృచ్ఛికం.

ఒకసారి తేలాక ఆ నిర్ణయం శాశ్వతమా? ఈ ప్రశ్న కూడా స్పేమన్ అడిగినదే. ముదిరిన కణం కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేని గుడ్డులో పెడితే ఏమవుతుందో చూడాలని 1938లో తన పుస్తకంలో రాసి, అది అద్భుత కల్పనలాంటి ప్రయోగమని తనే అన్నాడు. 1952లో ఫిలడెల్ఫియాలో బ్రిగ్స్, కింగ్ కప్ప పిండాల కేంద్రకాలతో ఆ పని సాధించారు. జాన్ గర్డన్ ఇంకా ముందుకెళ్ళి, తోకకప్ప పేగు కణాల కేంద్రకాల నుంచి కప్పపిల్లల్ని పుట్టించానని 1962లో ప్రకటించాడు. పేగయిపోయిన కణం కూడా మొత్తం పుస్తకాన్ని దాచుకునే ఉందన్నమాట. ఈ గర్డన్ బళ్ళో జీవశాస్త్రంలో 250 మంది పిల్లల్లో ఆఖరివాడు. ఆ ప్రోగ్రెస్ రిపోర్టుని ఆయన ఫ్రేము కట్టించి బల్ల దగ్గర పెట్టుకున్నాడు.

2006లో క్యోటోలో షిన్యా యమనాక గుడ్డు అవసరం కూడా లేకుండా చేశాడు. 24 జన్యువుల జాబితాతో మొదలుపెట్టి, వాటిలో నాలుగు చాలని కనిపెట్టాడు. ఆ నాలుగింటినీ ఎలుక చర్మం నుంచి తీసిన కణాల్లోకి ఎక్కిస్తే, అవి ఏదైనా కాగల పిండదశ కణాల్లా మారాయి. మరుసటేడు మనిషి కణాలతోనూ కుదిరింది. 2012లో గర్డన్, యమనాకలకి కలిపి నోబెల్ ఇచ్చారు.

2014 సెప్టెంబరులో జపాన్‌లోని కోబేలో, డెబ్బయ్యేళ్ళు దాటిన ఒకావిడ చర్మం నుంచి తీసిన కణాలని ఈ పద్ధతిలో వెనక్కి నడిపించి, కంటి రెటీనా వెనకుండే పొర కణాలుగా మళ్ళీ ముందుకి నడిపించి, ఆవిడ కుడి కంటిలోనే అతికించారు. ఆ పొర, పిండంలో మెదడు కాబోయే పలక నుంచి విడివడి వచ్చేది. ఏడాది తర్వాత చూస్తే అతికించిన పొర చెక్కు చెదరలేదు, కణితి ఏదీ లేవలేదు. చూపు మెరుగు కాలేదు, ఉన్న చూపు తగ్గనూ లేదు.